పావు గీత దగ్గర

సుంకి చెక్‌పోస్టు దాటగానే ముల్లు లేస్తుంది.
చుక్క పొయ్యలేదు నేను.
ఘాటీ మొదలై జీపు ముక్కు పైకెత్తితే
ట్యాంకులో ఉన్న నాలుగు లీటర్లూ వెనక్కి జరిగి
బెండుని భుజాన ఎత్తుకున్నాయి, అంతే.
అర ట్యాంకు చూపించుకుంటూ కొండెక్కుతాను
షావుకారు కొడుకులా.

దిగుడులో అదే డీజిలు, అదే ముల్లు
సున్నా మీద పడి పడుకుంటుంది.
ముందు సీట్లో అల్లం బస్తా ఒళ్ళో పెట్టుకున్న గురుబారి
ముల్లునీ నన్నూ మార్చి మార్చి చూసి
"తెలొ అచ్చి?" అంటుంది.
అచ్చి, అంటాను.
చెంగు ముడి విప్పి
ఛార్జీ డబ్బులు మళ్ళీ లెక్కపెట్టుకుంటుంది,
సగంలో దిగితే ఎంత ఇవ్వాలా అని.

అలాగే అయింది ఒక శుక్రవారం, కుందులి సంత రోజు.
ఎక్కుడు మధ్యలో బండి రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
ముల్లు మాత్రం పావు గీత మీద
ఏమీ ఎరగనట్టు నిలబడే ఉంది.
పదకొండు మంది దిగారు. మేక కూడా దిగింది.
ఎవరూ తిట్టలేదు, అదే కష్టం.
గురుబారి బస్తా నెత్తికెత్తుకుని నడుస్తూ
మలుపులో ఒక్కసారి వెనక్కి చూసింది,
నన్ను కాదు, మీటరుని.

సాలూరు లారీ తాడు కట్టి ఈడ్చుకొచ్చిన బండిని
సెమిలిగుడ షెడ్డులో దండాసి విప్పాడు.
దూడని లాగే పశువుల డాక్టరులా
మోచేతి దాకా ట్యాంకులో పెట్టి తీశాడు:
తీగ కొసన బెండు, తీగ మొదట్లో
వేలెడంత నల్లపట్టీ.
"నీ డీజిలు ముల్లుకి కనపడదురా.
అది పట్టీని అడుగుతాది.
పట్టీ రేకుని అడుగుతాది, రేకు బెండుని అడుగుతాది.
మూడు నోళ్ళు మారిన కబురు.
ఆ పైన ట్యాంకు సూడు, పైన బాన, కింద గరాటు.
సగం అంటే ఎత్తులో సగం. తాగడానికి సగం కాదు."

పట్టీని లుంగీ అంచుకి తుడిచి వెలుతురులో పెట్టాడు.
నిండు వైపు
బడి తెరిచిన రోజు పలకలా నిగనిగలాడుతోంది.
పావు దగ్గరా, దానికి కిందా
రేకు రాసుకుని రాసుకుని నలుపు పోయి
అడుగు బయటపడింది.
"ఎప్పుడేనా నిండా కొట్టించేవా?"

లెక్క వేసుకున్నాను.
కొన్న రోజు. కొబ్బరికాయ కొట్టిన రోజు.
రెండూ ఒకటే రోజు.
తర్వాత పద్నాలుగేళ్ళూ
రెండొందలకి కొట్టు, మూడొందలకి కొట్టు,
ఛార్జీలొచ్చాక ఇంకో వందకి.

"మరింకేటి. నువ్వెక్కడ బతికేవో అక్కడే అరిగింది."
అని బీడీ ముట్టించబోయి
ట్యాంకు గుర్తొచ్చి చెవి మీద పెట్టుకున్నాడు.

కొత్తది జయపురం నుంచి రావాలిట, పద్దెనిమిది వందలు.
అంతుంటే ట్యాంకే నింపుకునేవాణ్ణి.
షెడ్డు వెనక పొదలోంచి వెదురు పుల్ల విరిచిచ్చాడు, ఊరికే.
గాట్లు నేనే పెట్టుకున్నాను,
లీటర్లు కాదు:
అన్నిటికన్నా కిందది, నడక.
దాని మీద పొట్టంగి, కుందులి, సెమిలిగుడ,
ఒక బెత్తెడు పైన కొరాపుట్.
ఆ పైన పుల్ల ఇంకా జానెడు నున్నగా ఉంది.
దానికి ఊళ్ళు తెలియవు నాకు.

మళ్ళీ శుక్రవారం.
గురుబారి ఎక్కలేదు, చెయ్యి చాపింది.
పుల్ల ముంచి ఇచ్చాను.
తడి ఎక్కడ ఆగిందో బొటనవేలి గోరు పెట్టి చూసింది,
వాసన చూసింది,
కుందులి గాటు ఏదో అడిగి తెలుసుకుని
గోరుకీ గాటుకీ మధ్య ఎడం చూసింది.
బస్తా ఎక్కించింది.

ఘాటీలో ముల్లు మళ్ళీ లేచింది.
ఇద్దరం దాని వైపు చూడలేదు.